కరెంటు పోకముందే

బజారు వెనక సందులో రేకుల షెడ్డు. లోపల చెవులు చిల్లులు పడేలా జనరేటర్. దాని పక్కన స్టూలేసుకుని తమ్ముడు. వీధిలో కొట్లన్నిటికీ తీగలు లాగి కరెంటు అమ్ముకోవడం అతని వ్యాపారం. తలుపు పక్కన అక్క. అదే వీధిలో కుట్టు దుకాణం ఆవిడది, మెడలో కొలత టేపు కూడా తీయకుండా వచ్చేసింది. మిట్టమధ్యాహ్నం. ఇద్దరూ అరుస్తున్నారు. అందులో సగం మోత వల్ల, సగం కోపం వల్ల.

“ఇస్తావా, ఇవ్వవా?”

“ఏంటీ?”

“తాళంచెవి. మేడ మెట్ల తాళంచెవి.”

“వినపడట్లేదక్కా.”

“ఎందుకు వినపడదు. డబ్బులిస్తానని వీధి చివర ఎవడైనా గొణిగినా వినపడుతుంది నీకు. దాన్నాపు ముందు.”

“ఆపితే కొట్లన్నీ చీకటైపోతాయి. నీ కొట్టు కూడా.”

“నా కొట్టులో ఏం వెలుగుతోందని? నీ కరెంటుకి ఓ ట్యూబులైటు వెలుగుతుంది, అంతే. మోటార్లు మూలుగుతాయి గానీ తిరగవు. కుట్టేవాళ్ళంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. ఆసుపత్రి వాళ్ళ తెల్లకోట్లు చేతులు లేకుండా గుట్టగా పడున్నాయి.”

“ఇంకో తీగ లాగిస్తానని చెప్పాను. వద్దన్నది నువ్వే.”

“వద్దు. నీ తీగా వద్దు, నీ పొగా వద్దు. తెల్లకోటు ఉతికి ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగులోకి తిరుగుతోంది. ఆ కోటేసుకుని డాక్టరు వస్తే రోగి లేచి పారిపోతాడు.”

“నవ్వించకు.”

“నేను నవ్వడానికి రాలేదు. సోలార్ పలకలు బిగించేవాడు రేపు పొద్దున్నే దిగుతున్నాడు. మేడ తలుపు తీసుండాలి. తాళం కనపడితే సామాను దించకుండానే వెళ్ళిపోతాడు. వాడికి వంద ఊళ్ళలో పనుంది. మళ్ళీ మన మొహం చూడడు.”

“మేడ నీ ఒక్కదానిదా?”

“నీ ఒక్కడిదా? నాన్న కొట్లన్నీ అమ్మేసి పైకప్పు మాత్రం మనిద్దరికీ వదిలాడు. నువ్వేమో బంగారం ఎండబెట్టినట్టు తాళం వేసుకుని కూర్చున్నావు. అక్కడేముంది? ఎండ. ఎండ తప్ప ఏమీ లేదు. అది నీకెలాగూ పనికిరాదు, పనికొచ్చేవాళ్ళనైనా వాడుకోనివ్వు.”

“ఎండని నమ్ముకుని ఎవడైనా వ్యాపారం చేస్తాడా అక్కా? మబ్బు పడితే?”

“తగ్గుతుంది. ఆగదు. నీ డీజిల్ లారీ రాకపోతే ఏమవుతుంది? మొన్న బంకు దగ్గర డబ్బా పట్టుకుని క్యూలో తన్నుకుని చొక్కా చింపుకుని వచ్చావు. ఆ చొక్కా కుట్టిందెవరు?”

“నువ్వే.”

“నేనే. ఎండ కోసం ఎవడైనా క్యూలో నిలబడి చొక్కా చింపుకున్నాడా?”

“రాత్రికో? రాత్రికి ఎండ ఎక్కణ్ణుంచి తెస్తావు?”

“బ్యాటరీలుంటాయి. కొట్లు మూసేదాకా అవి చాలు. మూశాక నా కుట్టుమెషినుకి మోటారెందుకు, అది నిద్రపోదా?”

“బ్యాటరీలు పాడవుతాయి.”

“నీ ఇంజను పాడవదా? ఏడాదికోసారి దాని పేగులన్నీ బయటేసి గోనెపట్టా మీద పరుచుకుని కూర్చుంటావు. ఆ పూటంతా నిన్ను పలకరిస్తే కరుస్తావు.”

“ఎవరో నేర్పిన మాటలు అప్పజెబుతున్నావు.”

“ఎవరూ నేర్పలేదు. అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. జిరాక్సు మేష్టారు, సెలూన్ అతను, ఐస్‌క్రీమ్ కొట్టు పెద్దమ్మ, అందరూ సరేనన్నారు.”

“పెద్దమ్మ కూడానా? నిన్న సాయంత్రం కూడా నన్ను చూసి నవ్విందే.”

“ముందు చెయ్యెత్తింది ఆవిడే. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి, నీ తీగకి ఆవిడ పెట్టె చల్లబడక, సరుకంతా కరిగి నీళ్ళయిపోయింది. కాలవలో పారబోస్తూ ఏడ్చింది. తన జాతకమే అంతని తిట్టుకుంది.”

“దానికి నేనేం చెయ్యను? కరెంటు కోత దేశమంతా ఉంది. బొగ్గు లేదట. నేనేమన్నా బొగ్గు తిన్నానా?”

“బొగ్గు లేదు, నిజమే. రోజూ రెండు గంటలు కోతన్నారు, అదీ నిజమే. ఆ రెండు గంటలూ పొద్దున్నే అయిపోయాయి. మరి ఇప్పుడు పోయిందేంటి?”

“ఏదో ఫాల్టు.”

“నిన్న?”

“అదీ ఫాల్టే అయ్యుంటుంది.”

“మొన్న?”

“అక్కా, నేను జనరేటర్ వాణ్ణి. కరెంటాఫీసు వాణ్ణి కాదు.”

“కరెంటాఫీసు మనిషి నా ఇంట్లోనే ఉన్నాడులే. లైన్‌మన్ పెళ్ళాన్ని నేను, నాకు చెప్పకు ఫాల్టుల సంగతి. ఫాల్టు మన కొట్లలో పని జోరందుకునే వేళకి వచ్చి, మూసే వేళకి పోతుందా? దానికీ ఆదివారం సెలవుందా?”

“ఇప్పుడు బావ ఊసెందుకు?”

“ఆయన ఊసు నేనెత్తలేదు. ఫాల్టు ఊసెత్తాను.”

“చూడక్కా, ఎండలో వచ్చావు. ఇంటికెళ్ళు. సాయంత్రం మాట్లాడుకుందాం.”

“సాయంత్రం కాదు. ఇవాళ నేను మెషిను మీదున్నాను. కాలరు తిప్పుతున్నాను. మోటారు తిరుగుతోంది, నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. అప్పుడు నీ జనరేటర్ మోగింది.”

“మోగితే?”

“మోగాక పోయింది కరెంటు.”

“ఆ?”

“ముందు నీ జనరేటర్ మోగింది. తర్వాత కరెంటు పోయింది. ఇప్పుడు బాగా వినపడిందా?”

“అది... టెస్టు చేసుకుంటున్నా.”

“నిన్న కూడా టెస్టేనా? నిన్నా అంతే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. సెలూన్ అతను జోకు కూడా వేశాడు, మీ తమ్ముడికి కరెంటు పోయే సంగతి కరెంటు కన్నా ముందే తెలుస్తుందమ్మా అని. నేనూ నవ్వాను. బుర్ర లేకుండా నవ్వాను.”

“అది కాదక్కా. ఇంజనన్నాక వేడెక్కాలి. చల్లటి ఇంజను మీద ఒక్కసారే లోడు వేస్తే గొంతు పట్టుకుంటుంది. పైగా జిరాక్సు మేష్టారి గోల. మధ్యలో రెప్పపాటు పోయినా కంప్యూటరు ఆగిపోతోంది, సగం కాయితం లోపలే ఇరుక్కుంటోంది, నువ్వు డబ్బులు మాత్రం నిండుగా పుచ్చుకుంటావని అందరి ముందూ నిలదీశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రెప్పపాటు కూడా గ్యాపు రాకూడదని, ముందే...”

“ముందే?”

“ముందే రెడీగా...”

“ముందే అంటే నీకు ముందే తెలుసన్నమాట. చెప్పు.”

“నేనలా అన్నానా?”

“దొంగకి తేలు కుట్టినట్టు అలా మింగుతావేం? వెనక సందులో పిండిమర చక్కగా తిరుగుతోంది. వచ్చేటప్పుడు చూశాను.”

“అది వేరే లైను.”

“అదే లైను. పిండిమర దగ్గర ఒక ట్రాన్స్‌ఫార్మర్, మన వీధి మొదట్లో ఒకటి, రెండిటికీ కరెంటొచ్చే లైను ఒక్కటే. మీ బావే చెప్పాడు. అక్కడుండి ఇక్కడ లేదంటే ఇక్కడ ఎవడో ఫ్యూజు పీకాడు. ఎవడు?”

“ఎవడూ లేడు.”

“రెండు గంటలు సర్కారు కోత. మిగతాదంతా నీ కోత. ఒరే, ఊరంతా కరెంటు లేక ఏడుస్తుంటే, ఉన్న కాస్తా ఆపి అమ్ముకుంటున్నావా నువ్వు?”

“అమ్ముకుంటున్నానా? ఇప్పుడు అమ్ముకునేవాణ్ణయిపోయానా? పూటలకి పూటలు కరెంటు లేని రోజుల్లో ఈ వీధిని ఎవడు నిలబెట్టాడు? నేను. ఈ ఇంజను. అప్పుడు డీజిల్ బాబూ, డీజిల్ బాబూ అని గడ్డం పట్టుకుని బతిమాలారు. ఇవాళ పలకలొస్తాయనగానే నేను పొగగొట్టాన్నయిపోయాను. రేపట్నుంచి నన్నేం చెయ్యమంటావు, ఇంజనుకి దండేసి పక్కన కూర్చోమంటావా?”

“బ్యాటరీలు చూసుకోడానికి ఓ మనిషి కావాలి. పలకలు తుడవాలి, తీగలు చూడాలి, ఏ కొట్టుకెంత వెళ్తోందో చూడాలి. తీగలు తెలిసినవాడు మా తమ్ముడున్నాడు, వాణ్ణే పెట్టుకుందాం అని నేనే అన్నాను. అందరూ సరేనన్నారు. పెద్దమ్మతో సహా.”

“నాతో అనలేదే?”

“అననిచ్చావా? తాళం అనగానే చెవుడొచ్చేసింది నీకు. నేను నీకు పని వెతుకుతుంటే నువ్వు నా ఫ్యూజు పీకిస్తున్నావు.”

“నీదని కాదక్కా. వీధిది.”

“ఓహో, వీధిదా. అయితే పర్వాలేదు. ఎవడు వాడు? ఆఫీసులో ఎవడో ఉన్నాడు. నీ చేతి తడి రుచి మరిగినవాడు. పేరు చెప్పు, వాడి సంగతి మీ బావ చూస్తాడు.”

“బావకి చెప్పకు.”

“ఎందుకు చెప్పకూడదు? ఆయనేమో ఈ ఎండలో స్తంభాలెక్కి అరచేతులు కాయలు కాయించుకుంటున్నాడు. ఎక్కడ కరెంటు పోయినా జనం ఆయన్నే తిడుతున్నారు. మొన్నెవరో చొక్కా పట్టుకున్నారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడతాడు. పలకరిస్తే ఏమీ లేదంటాడు. నీలాంటి వాళ్ళు చేసినదానికి ఆయన తల దించుకుంటున్నాడు.”

“అక్కా, వదిలెయ్.”

“వదలను. ఇవాళే చెప్తాను. వాడి ఉద్యోగం ఊడేదాకా ఊరుకోవద్దని చెప్తాను.”

“వద్దంటున్నానా.”

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నీకెందుకంత కంగారు? నీ పేరు రాకుండా చూడమంటాలే. తమ్ముడివి కాబట్టి, సిగ్గులేకుండా ఆ మాట కూడా అడుగుతాను ఆయన్ని.”

“నా పేరు వస్తే రానీ. నువ్వు మాత్రం బావని అడక్కు. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“ఏంట్రా నీ బాధ?”

“అడక్కక్కా. అంతే.”

అప్పుడే బావ లోపలికొచ్చాడు. ఒంటిమీద కరెంటాఫీసు ఖాకీ చొక్కా, భుజాన తాడు చుట్ట. బయటి ఎండకి చెదిరిన కళ్ళకి తలుపు పక్కనున్న భార్య కనపడలేదు.

“ఏరా, ఇవాళ ఎంతసేపుంచమంటావు? ఆఫీసర్లు తిరుగుతున్నారట. తొందరగా పెట్టేస్తాను.”

“బావా.”

“ఆగు, చెప్పనీ. ఇంజను ముందే స్టార్టు చెయ్యకురా అని నీకెన్నిసార్లు చెప్పాను? నేనింకా ఫ్యూజు మీద చెయ్యి వెయ్యకుండానే ఇక్కడ దడదడ మొదలుపెడుతున్నావు. వీధిలో అందరూ చెవిటివాళ్ళనుకున్నావా?”

“బావా, అక్క.”

“దానికేం తెలుస్తుంది? పాపం, అది ఫాల్టనుకుంటోంది. ఒకవేళ అడిగినా అక్కకి నేను చెప్పుకుంటాలే.”

“అక్క ఇక్కడే ఉంది బావా.”

“చెప్పుకోండి.”

“నువ్వా? నువ్వెప్పుడొచ్చావు?”

“చాలాసేపయింది. అక్కకి చెప్పుకుంటానన్నారుగా, చెప్పుకోండి. ఒరే, ఇప్పుడాపు దాన్ని. ఆపమంటున్నానా. ఈయన చెప్పేది నేను సరిగ్గా వినాలి.”

“ఆపాను.”

“ఊఁ. ఎంత ప్రశాంతంగా ఉంది. చెప్పండి.”

“అది కాదే. నువ్వనుకుంటున్నట్టు కాదు.”

“నేనేమనుకుంటున్నాను? ఇంతసేపూ ఆఫీసులో దొంగ ఎవడా అనుకుంటున్నాను. వాణ్ణి మీకు పట్టిద్దామనుకుంటున్నాను. మీకు.”

“మొదట ఏదో ఒక్క పూటనుకున్నాం. ఎలాగూ కోతలున్నాయి, ఇంకో గంట పోతే ఎవరికి తెలుస్తుందన్నాడు మీ తమ్ముడు.”

“నేనన్నానా బావా? నువ్వే అన్నావు.”

“ఎవరో ఒకరం అన్నాం.”

“ఎవరో ఒకరట. మీ చొక్కా పట్టుకున్నాడే, వాడు తప్పేం చేశాడు? నేను అప్పుడు ఊడిన గుండీ కుడుతూ రాత్రంతా వాణ్ణి శపించాను.”

“నీకోసమేనే ఇదంతా.”

“ఏంటీ?”

“ఆ మెషిన్లు ఎక్కడివనుకున్నావు?”

“ఆఫీసు సొసైటీలో ఇచ్చారన్నారుగా.”

“అలా చెప్పాను. సొసైటీలో నాకెవడిస్తాడు? కాలితో తొక్కి తొక్కి మోకాళ్ళు పట్టేశాయని నువ్వు ఏడ్చేదానివి. మోటారు మెషిన్లు ఉంటే నలుగురికి పని కూడా ఇస్తానన్నావు. చూడలేకపోయాను.”

“నిజమే అక్కా. మొదటి మెషిను వచ్చిన రోజు బావ మొహం నువ్వు చూడలేదు. చిన్నపిల్లాడిలా...”

“నువ్వు నోరు మూసుకో. అంటే, నా కొట్టు కరెంటు ఆపి, నాకే మోటారు మెషిన్లు కొన్నారన్నమాట. కొన్నవి తిరగకుండా మళ్ళీ ఫ్యూజు పీకారన్నమాట. ఇలాంటి బుర్ర ఒక్కడికుంటే ఏదో అనుకోవచ్చు. ఇద్దరికీ ఉంది.”

“మోకాళ్ళ సంగతి నువ్వే...”

“నా మోకాళ్ళ మీద పెట్టకండి. మోకాళ్ళు నొప్పంటే నూనె తెమ్మంటాను గానీ, వీధి మొత్తాన్ని చీకట్లో పెట్టమంటానా? అడిగానా మిమ్మల్ని?”

“అడగలేదు.”

“సరుకు కరిగిపోయి పెద్దమ్మ ఏడుస్తోందని నిన్న రాత్రి మీతోనే చెప్పాను. అన్నం కలుపుతూ విన్నారు. అయ్యో అన్నారు కూడా. ఎలా అనగలిగారండీ ఆ మాట? నన్ను చూడండి. నేల మీదేం లేదు.”

“ఆపేద్దామనే అనుకుంటున్నాం. ఒట్టు.”

“అక్కా. ఇదిగో.”

“ఏంటది?”

“తాళంచెవి. తీసుకో. రేపు నేనే తలుపు తీసి నిలబడతాను. పలకలు నేనే పైకెక్కిస్తాను. ఇంజను అమ్మేస్తాను. నువ్వెలా చెబితే అలా. ఇది మాత్రం మన ముగ్గురి మధ్యే ఉండనీ.”

“అవునే. వాడన్నట్టు చెయ్యి. బయటికొస్తే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు. జైలు. వీధిలో ఎముకలు విరగ్గొడతారు ముందు.”

“ఇటివ్వు.”

“హమ్మయ్య. నాకు తెలుసు, అక్క కాదనదని.”

“జిరాక్సు కొట్టు దగ్గర అందరూ నాకోసం కూర్చున్నారు. తాళంచెవి తెస్తానని చెప్పి వచ్చాను. మా తమ్ముడు మొండివాడే గానీ నా మాట కాదనడని చెప్పి వచ్చాను.”

“కాదనలేదుగా. ఇచ్చానుగా. వెళ్ళు, చూపించు.”

“పదండి ఇద్దరూ.”

“మేమెందుకే?”

“పదండి.”

“ఒక్క నిమిషం. ముందు నేను వెళ్ళి ఫ్యూజు పెట్టొస్తాను. నువ్వు నడుస్తుండు.”

“వద్దు. అందరూ వచ్చాక, అందరూ చూస్తుండగా స్తంభం ఎక్కండి.”

“నీకు పిచ్చెక్కిందా? తాళం చేతికొచ్చింది. రేపు పలకలొస్తాయి. నీ మెషిన్లు తిరుగుతాయి, పెద్దమ్మ పెట్టె చల్లబడుతుంది, వీధి బాగుపడుతుంది. ఇంక చెప్పి ఏం బావుకుంటావు?”

“ఇన్నాళ్ళూ వాళ్ళు బొగ్గుని తిట్టారు. సర్కారుని తిట్టారు. పెద్దమ్మ తన జాతకాన్ని తిట్టుకుంది. ఎవర్ని తిట్టాలో వాళ్ళకి తెలియొద్దా?”

“అక్కా, వాళ్ళు నమ్ముకున్నది నిన్ను. ఇది తెలిస్తే ఆ పలకల్ని కూడా నమ్మరు. మన మేడ మీద పెట్టనిస్తారా? మళ్ళీ ఈ ఇంట్లోవాళ్ళ చేతిలోనే స్విచ్చు పెట్టాలా అంటారు.”

“అంటారు. అనాలి కూడా. రేపు ఆ బ్యాటరీల గది తాళం పెద్దమ్మ దగ్గరుండాలి, మేష్టారి దగ్గరుండాలి, మనింట్లో ఎవరి దగ్గరా ఉండకూడదు. ఎండ అందరిదీ. దానికి కూడా మీలాంటి వాళ్ళు ఫ్యూజు తగిలిస్తే ఇంక ఆ పలకలెందుకు, నీ పొగే మేలు.”

“నీ కొట్టు పోతుందే. నీతో ఎవరూ బట్టలు కుట్టించుకోరు.”

“పోతే పోనీండి.”

“మన పరువు?”

“అది ఎప్పుడు పోయిందో మీకు తెలుసు. ఫాల్టు కాదు.”

“ఏమే, ఆగు. చెయ్యి వదులు. సరే, వస్తాను. వచ్చి ఏం చెప్తావు వాళ్ళకి? అదైనా చెప్పు.”

“మా ఆయన ఫ్యూజు పీకాడు, మా తమ్ముడు చీకటి అమ్మాడు, ఆ డబ్బుతో కొన్న మెషిన్ల మీద ఇన్నాళ్ళూ నేను కుట్టుకున్నాను. ఇంతే. నడవండి.”